పెరుగుల పురుగు

జనగామ ఊరి చివరన ఉన్న ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ ఉంది గానీ మైక్రోబులే లేవు. చదువు ఉందని గేటు మీద బోర్డు చెబుతుంది, ఫీజు రసీదు చెబుతుంది, ల్యాబు గోడకు మేకు కొట్టి వేలాడేసిన రంగుల పటం చెబుతుంది. బాక్టీరియా మాత్రం బీరువాలో చచ్చి పడి ఉంది.

చచ్చిందంటే మామూలు చావు కాదు. ప్రాక్టికల్స్ కోసమని హైదరాబాదు నుంచి గాజు గొట్టాల్లో జెల్లీ మీద పెంచిన బాక్టీరియాను తెప్పించారు. వచ్చిన రోజే చల్లటి చోట పెట్టాలని డబ్బా మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. కాలేజీకంతా ఉన్నది ఒకటే ఫ్రిజ్జు. అది ప్రిన్సిపాలు గదిలో ఉంది, దాంట్లో ఆయన నీళ్ళ సీసాలున్నాయి. డబ్బా ఎండ కొట్టే కిటికీ మీద కూచుని ఎండాకాలం సెలవులన్నీ గడిపింది. తెరిచి చూస్తే జెల్లీ ఎండి అప్పడమైంది. బతికున్నదాన్ని చంపి, చచ్చినదాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఫీజు మాత్రం బతికున్న బాక్టీరియాకే కట్టించుకున్నారు.

"పరేషాన్ గాకుండ్రి," అన్నాడు హరీశ్ సారు. ఆయన మానుకోట మనిషి, ఆ పాఠం చెప్పేది ఆయనే. నవ్వించి చెబుతాడని పిల్లలకు ఇష్టం. "రేపు మీ ఇండ్లకెల్లి తలా ఇంత పెరుగు తీసుకరాండ్రి. గంతకంటే మంచి బాక్టీరియా ఏ కంపెనీల దొరకది."

ఆ మాట మంచి మాటే. అక్కడే ఆగి ఉంటే ఈ కథే లేదు.

సమ్రీన్ రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వస్తుంది. వాళ్ళమ్మ ఆస్మా అదే ఊరి బస్టాండులో కుండ పెరుగు అమ్ముతుంది. ఇంట్లో రెండు బర్రెలు. నాయిన జాకీర్ వరికోత మిషను డ్రైవరు, కోతలున్నన్నాళ్ళూ కాటారం దిక్కే ఉంటాడు. అంటే ఇల్లు నడిచేది కుండల మీదే. మరునాడు సమ్రీన్ బుల్లి కుండ ఒకటి నింపుకుని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది.

ఆ పొద్దు ఆమె జీవితంలో మంచి పొద్దు. గాజు పలక మీద పెరుగు పలుచగా పూసి ఆరబెట్టింది. దీపం సెగ చూపించింది. ఊదారంగు పోసి కడిగింది, అయోడిన్ పోసి కడిగింది, స్పిరిటు పోసి కడిగింది, చివరకు గులాబీరంగు పోసింది. స్పిరిటుకు రంగు వదిలేసేవి కొన్ని ఉంటాయట, వదలనివి కొన్ని. పెరుగులోవి వదల్లేదు. మైక్రోస్కోపుకు కన్ను ఆనించి చూస్తే అగ్గిపుల్లలు చల్లినట్టు ఊదారంగు కడ్డీలు, వాటి మధ్య నానమ్మ జపం చేసే తస్బీ తెగిపడ్డట్టు పూసల దండలు. సమ్రీన్ కన్ను తీయలేదు. తాను పుట్టకముందు నుంచీ తమ ఇంట్లో కాపురముంటున్న వాళ్ళను మొదటిసారి చూసినట్టయింది. అమ్మ పాలలో వేలు పెట్టి, కాలనూ లేదు, చల్లబడనూ లేదు అని చూసుకునేది వీళ్ళ కోసమే కదా!

"సార్, బలే ఉన్నయి సార్!"

అందరూ చూశారు. తర్వాత హరీశ్ సారుకు వేడుక పుట్టింది. ఒక చుక్క పెరుగును నీళ్ళలో కలిపి, రంగు లేకుండా అద్దం కింద పెట్టి, కంటి గొట్టానికి ఫోను ఆనించాడు. చిన్న చిన్నవి తళతళా ఊగుతున్నాయి. సారు గొంతు పెంచాడు.

"చూడుండ్రి చూడుండ్రి! రఘునాథపల్లి బస్టాండుల ఆస్మాబీ పెరుగు! పెరుగుల పురుగులు ఎట్ల లుకలుకలాడుతున్నయో!"

క్లాసంతా గొల్లుమంది. సమ్రీన్ కూడా నవ్వింది. నవ్వి, "సార్, అవి వాటంతట అవి నడువయి గదా. నీళ్ళ కదలికకు ఊగుతున్నయి, గంతే గదా?" అంది.

"నాకెర్కే, నీకెర్కే. సూసెటోళ్ళకు లుకలుకనే మజా," అని ఆయన వీడియోను గ్రూపులో పడేశాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు. వాళ్ళకు సెల్‌ఫోన్లు లేకుండానే ఆ సంగతి తెలుసు. పిల్లల గ్రూపులోంచి ఊరి గ్రూపులోకి, ఊరి గ్రూపులోంచి ఆటోవాళ్ళ గ్రూపులోకి దూకుతూ దూకుతూ వీడియోకు ముందు తోక తెగింది, తర్వాత తల తెగింది. కాలేజీ సంగతి పోయింది, బాక్టీరియా సంగతి పోయింది. ఊరి పేరు, ఆస్మా పేరు, లుకలుక మిగిలాయి. వెనకాల ఆడపిల్ల నవ్వు ఒకటి మిగిలింది.

రెండు రోజులు తిరక్కముందే ఆస్మా కుండలు పొద్దు నెత్తి మీదికొచ్చినా నిండుగా ఉండటం మొదలైంది. కుండల మీది తడిగుడ్డ ఆరుతుంటే తడుపుతూ కూచుంది ఆమె. ఎదురుగా టిఫిన్ హోటలు పోశాలు. మజ్జిగకని రోజూ పొద్దున్నే ఒక కుండ తీసుకుపోయేవాడు. ఇవాళ ఇటు చూడలేదు.

"పోశాలన్నా, పెరుగు తీస్కపోవేంది?" అని ఆమే అడిగింది.

"గిరాకోళ్ళు అడుగుతున్నరు చెల్లె, గీ మజ్జిగ ఆ పెరుగుదేనా అని. నేనేం జెయ్యాలె? పాకిట్లు తెప్పించిన."

"ఆ పెరుగంటే?"

పోశాలు నోటితో చెప్పలేక ఫోను చూపించాడు. సరిగ్గా అప్పుడే సమ్రీన్ జనగామ బస్సు దిగింది.

ఆస్మా పక్కనే కూరగాయలు పెట్టుకునే కట్టమ్మ, వంకాయల బుట్టను కుండలకు దూరంగా జరుపుకుంటూ, "ఇగో, డాక్టరమ్మ రానే వచ్చె," అంది. "నువ్వే తీస్కపోయినవట, నువ్వే సూసినవట. నీ నోటితోనే చెప్పు బిడ్డా. మీ అమ్మ పెరుగుల పురుగులున్నయా, లేవా?"

"పురుగులు గాదు అత్తా, బాక్టీరియా."

"గదే, ఇంగ్లీషుల పురుగులు. ఉన్నయా, లేవా?"

"అన్ని పెరుగులల్ల ఉంటయి. గవి లేకుంటే అది పెరుగే గాదు. పోశాలు మామ తెచ్చిన పాకిట్ల గూడ ఉంటయి."

"ఇన్నరా!" కట్టమ్మ చేయెత్తి బస్సు కోసం నిలబడ్డ వాళ్ళందరినీ పిలిచింది. "ఉన్నయనే అంటున్నది. పిల్లనే ఒప్పుకున్నది. నేననలేదు తల్లీ!"

"జర మొత్తం ఇనరాదు అత్తా..."

"మొత్తమేముంది ఇనెటందుకు? గా ఇండ్లల్ల సఫాయి ఎట్లుంటదో నాకెర్క లేదా?"

ఆస్మా లేచి నిలబడింది. "గా ఇండ్లేంది కట్టమ్మక్కా? మొన్న బోనాలకు నీ ఇంటికి చుట్టాలొస్తే కుండలకు కుండలు మోసుకపోతివి. అప్పుడు యాదికి రాలేదా, అవి ఏ ఇంటి కుండలో? నీ మనుమనికి కడుపు నడుస్తుంటే పొద్దుపొద్దుగాల నా తలుపు గొట్టి మజ్జిగ అడిగితివి. అప్పుడు నా ఇల్లు సఫాయిగనే ఉండె గదా!"

కట్టమ్మ బుట్టను ఇంకో జానెడు జరిపింది.

ఇంటికి పోయాక ఆస్మా కోపం బిడ్డ మీదికి తిరిగింది. రెండు కుండలూ తెచ్చి బర్రెల కుడితి గోలెంలో కుమ్మరించింది. "బర్రెది బర్రెకే," అంది. తర్వాత వెనక్కి తిరిగింది.

"గంత మందిల ఒక్క మాట అనరాలేదా నీకు? 'లేవు' అంటే అయిపోవు గదా!"

"ఉన్నయి గదమ్మీ. లేవని ఎట్లంటా? అవి మంచివే..."

"మంచివో చెడ్డవో నేనడిగిన్నా? నిజం చెప్పి ఏం తెచ్చినవ్? నిండు కుండలు ఇంటికి తెచ్చినవ్."

అంతలోనే కాటారం నుంచి జాకీర్ ఫోను. "ఏంది బేటీ, గీడ చాయ్ హోటల్ల డ్రైవర్లు మీ అమ్మ పేరు మీద వీడియో జూసి నవ్వుతున్నరు. దాంట్ల నవ్వేది నీ గొంతు లెక్కనే ఉన్నదేంది?"

సమ్రీన్‌కు ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. తనది తప్పని కాదు, తప్పు ఎవరిదో తెలిసీ ఆ తప్పులో తన నవ్వు కూడా కలిసి ఉందని.

ఆస్మా ఆ రోజే ఇంకో పని చేసింది. పాలు మొత్తం కేంద్రంలో పోసేసి, ఇంట్లో తోడు కూడా ఉంచలేదు. తోడంటే ఇవాళ్టి పెరుగులోంచి రేపటి పాలకు తీసిపెట్టే చెంచాడు. అత్త నుంచి తనకు, అంతకు ముందు అత్తకు వాళ్ళ అత్త నుంచి వచ్చింది అది. వానలు పడ్డా వరదలొచ్చినా తెగనిది. తోడు గిన్నెను బోర్లించి కడిగేసింది. కడిగేటప్పుడు సమ్రీన్ చూసింది గానీ, వద్దనడానికి ఆమెకు మొహం లేదు.

మరునాడు కాలేజీలో స్టాఫు రూము ముందు నిలబడింది.

"సార్, మా అమ్మ పెరుగు ఎవ్వరు కొంటలేరు. మీరు జర ఇంకో వీడియో పెట్టుండ్రి సార్, అవి పురుగులు గావని."

హరీశ్ సారు చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే, "అరె, సరదాకన్న మాటకు గింత రాద్ధాంతమా!" అన్నాడు. "మల్ల వీడియో పెడితే మల్ల లేస్తది. సప్పుడు జెయ్యకుంట ఊకో, దానంతట అదే సల్లారుతది. కాలేజీ పేరు బద్నాం జేస్తవా ఏంది? ప్రాక్టికల్ పరీక్షలు పెట్టుకుని..."

"కాలేజీ పేరు ఎవ్వరు తీస్తలేరు సార్. మా అమ్మ పేరే తీస్తున్నరు."

"నువ్వు గూడ నవ్వితివి గదా, ఆ రోజు?" అన్నాడు సారు.

సమ్రీన్ వచ్చేసింది. వస్తూ ఒక సంగతి గట్టిగా పట్టుకుంది. ఆయనకు నిజం తెలియక కాదు. తెలిసే అన్నాడు, తెలిసే ఊరుకుంటున్నాడు. కట్టమ్మకైతే తెలియదు, తెలియని మనిషి మీద కోపానికి ఒక హద్దు ఉంటుంది. తెలిసిన మనిషి మీద కోపానికి హద్దేముంది?

ప్రాక్టికల్ పరీక్ష రోజు రానే వచ్చింది. బీరువాలో బాక్టీరియా ఇంకా చచ్చే ఉంది కాబట్టి ఎవరి పెరుగు వాళ్ళే తెచ్చుకోవాలని నోటీసు పెట్టారు. ఊరికంతటికీ పెరుగు పోసిన ఇంట్లో ఆ పొద్దు పరీక్షకు చుక్క పెరుగు లేదు. పోశాలు దగ్గర పాకెట్లున్నాయి గానీ అక్కడికి పోవడానికి ఆమె కాళ్ళు ఒప్పుకోలేదు. ఖాళీ టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని జనగామలో దిగింది. కాలేజీ వెనక వీధిలోనే హరీశ్ సారు కిరాయి ఇల్లు. సారు అప్పటికే కాలేజీకి వెళ్ళిపోయాడు. ఆయన భార్య లత వాకిలి ఊడుస్తోంది.

"మేడం, జర తోడుకు పెరుగిస్తరా?"

తోడు అడిగిన మనిషిని పొద్దటి పూట ఎవరూ కాదనరు. "తోడుకేనా? దా, లోపలికి దా," అని లత గిన్నె తీసింది. చెంచా దింపితే పెరుగు కోసినట్టు లేచింది. అంచున సన్నటి మీగడ, అడుగున నీళ్ళు లేవు. సమ్రీన్ దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఎక్కడో చూసిన పెరుగు.

"నువ్వు రఘునాథపల్లి పిల్లవే గదా?" అంది లత. "ఇది మీ అమ్మదేనమ్మా. ఆ రోజు మిగిలిన కుండను సారు ఇంటికి తెచ్చిండు. గప్పటిసంది దీన్నే తోడేసుకుంట వస్తున్న. మొన్న మానుకోట నుంచి మా అత్తమ్మ వస్తే ఆమె గూడ ముంత నిండ తీస్కపోయింది. గింత మంచి తోడు మా దిక్కు దొరకదన్నది."

"సారు గూడ తింటడా మేడం?"

"తినుడా? గిన్నె నాకుతడు!"

ఊరికి పురుగులు చూపించినవాడు ఇంట్లో గిన్నె నాకుతున్నాడు! సమ్రీన్ ఫోను తీసి వీడియో పెట్టి లత చేతికిచ్చింది. లత మొదట నవ్వు మొహంతో చూసింది. మొగుని గొంతు గుర్తుపట్టింది. పేరు వినపడగానే నవ్వు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"గిదెప్పటిది?"

"కుండ మీ ఇంటికి వచ్చిన్నాటిదే మేడం. మా అమ్మ పెరుగు పెట్టుడు బందువెట్టింది. ఇంట్ల తోడు గూడ లేదు."

డబ్బాలో ఒక చెంచా వేసి ఆగిన లత, తన తోడుకు చెంచాడు మాత్రం ఉంచుకుని, గిన్నె వంచి డబ్బా నింపింది.

పరీక్షలో పలక మీద అన్నీ సక్రమంగా చేసింది సమ్రీన్. ఊదా కడ్డీలు, పూసల దండలు, అన్నీ ఎక్కడివక్కడ. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం కన్ను ఆనించి చూసి తలూపింది. పక్కనే చేతులు కట్టుకుని హరీశ్ సారు.

"స్టెయినింగ్ బాగుంది. శాంపిల్ ఎక్కడిది?"

"హరీశ్ సార్ ఇంటిది మేడం. ఆయన రోజు తినే పెరుగు."

సారు చేతులు విప్పాడు.

"సరే. ఏం కనిపిస్తున్నాయి?"

నాలుక చివర ఉన్న జవాబు సమ్రీన్‌కు తెలుసు. ఏడాదంతా చదివింది. దాన్ని పక్కన పెట్టి, గది మొత్తానికి వినపడేలా చెప్పింది.

"పురుగులు మేడం. హరీశ్ సార్ ఇంటి పెరుగుల పురుగులు లుకలుకలాడుతున్నయి."

గొల్లుమనాల్సిన క్లాసు సారు వైపు తిరిగింది. మేడం కళ్ళద్దాలు సవరించుకుంది. "ఏమిటా మాటలు? సైన్సు చదివే పిల్లవేనా నువ్వు? సెగ చూపించి హీట్ ఫిక్స్ చేసిన స్లైడులో కదలికేమిటి? పురుగులేమిటి? ఇలా ఎవరు నేర్పారు నీకు?"

"సారే నేర్పిండు మేడం. వీడియో గూడ ఉన్నది. మా అమ్మ పేరు పెట్టి చెప్పిండు, కాటారం దాక పోయింది."

సారు మొహం గోడ మీది సున్నంలా అయింది. అప్పుడు సమ్రీన్ అసలు జవాబు చెప్పింది. లాక్టోబాసిల్లస్ కడ్డీలు, స్ట్రెప్టోకాకస్ దండలు. రెండూ గ్రామ్ పాజిటివ్, అంటే స్పిరిటుకు ఊదారంగు వదలనివి. పాలలోని చక్కెరను పులిపించి పాలను గడ్డ కట్టిస్తాయి. వీటికి నడక లేదు. నీళ్ళలో ఊగితే అది నీళ్ళు ఊపుడే గానీ వీటి ఊపు కాదు. తడబడకుండా చెప్పింది. మేడం అంతా విని, హరీశ్ సారు వైపు ఒకసారి చూసి, కాగితం మీద ఏదో గీసింది. పరీక్షలో వెకిలి మాట మాట్లాడినందుకు మార్కులు తగ్గించానని కూడా చెప్పింది. చూశారా న్యాయం! ఆ మాటను పుట్టించినవాడికి జీతం, తిరిగి అప్పజెప్పినదానికి కోత.

వరండాలో సారు ఆమెను ఆపాడు. "నా ఇజ్జత్ తీసినవ్ గదా, గంత మందిల!"

"మీది ఒక్క రూముల పోయింది సార్. మా అమ్మది మూడు జిల్లాలల్ల పోయింది."

"అయితే ఇప్పుడేం జెయ్యమంటవ్?"

"ఏ నోటితోటి అన్నరో ఆ నోటితోటే చెప్పుండ్రి. మా బస్టాండుకొచ్చి చెప్పుండ్రి. బాక్టీరియా అనకుండ్రి, సూక్ష్మజీవులనకుండ్రి. గా మాటలు నేనంటేనే గదా ఉన్నయని ఒప్పుకున్నట్టయింది! తోడు అనుండ్రి. గవి తోడు. గదొక్కటే మా ఊరికి ఎర్కున్న పేరు."

ఆయన వస్తాడని ఆమెకు నమ్మకం లేదు. వచ్చాడు. ఆదివారం పొద్దున బండి మీద వచ్చాడు, వెనకాల లత కూచుని ఉంది. ఎవరు ఎవరిని తీసుకొచ్చారో చూసినవాళ్ళకు ఇట్టే తెలిసిపోయింది. సారు గొంతు గుసగుసగా మొదలైతే, "ఆ రోజు గిట్లనే చెప్పినవా? పెద్దగ చెప్పు!" అంది లత.

"గవి పురుగులు గావు," అన్నాడు సారు వీడియో తీస్తున్న ఫోనుకు మొహం చూపించి. "లుకలుకలాడయి. నేను నవ్వుకోసమన్న, తప్పన్న. గవి తోడు. మనందరి అమ్మలు పాలల్ల ఏసే తోడు గదే. మా ఇంట్ల పెరుగు గూడ ఆస్మాబీ తోడుతోటే పేరుతున్నది."

మొదటి వీడియో చూసినంత మంది దీన్ని చూడలేదు, పంచుకోలేదు. దాంట్లో నవ్వు లేదు కదా మరి. పోయిన మాట ఆటో ఎక్కి పోతే, దిద్దిన మాట కాలినడకన వచ్చింది.

అయినా ఆస్మా కుండలు మళ్ళీ బస్టాండుకు వచ్చాయి. పరీక్ష రోజు సమ్రీన్ ఇంటికి తెచ్చిన డబ్బాలోంచి చిటికెడు నాలుక మీద వేసుకుని, "గిది నాదే," అంది ఆమె. ఏడ్చిందని కొందరంటారు. ఏడవలేదు, తోడు గిన్నె వెతకడానికి లేచింది.

గిరాకీ ఇంకా సగమే. పోశాలు ఒక పూట కుండ, ఒక పూట పాకెట్టు అంటూ ఎటూ చెడ్డ కాకుండా నడుస్తున్నాడు. కట్టమ్మ బుట్ట మాత్రం ఇంకా జానెడు దూరంలోనే ఉంది. ఒక రోజు బేరాలన్నీ అయ్యాక, ఆ బుట్ట వెనక నుంచి ఆమె చిన్న గిన్నె ఒకటి కొంగు కింద దాచుకుని వచ్చి నిలబడింది. పాకెట్టు పెరుగుతో తోడేసిన పాలు మూడుసార్లు జిగురు సాగాయని ఆమె కోడలు అప్పటికే వీధంతా చెప్పింది.

"ఏందక్కా?" అంది ఆస్మా.

"ఏం లేదు. జర..." కట్టమ్మ గిన్నె వైపు చూపు దించుకుంది. "జర గది..."

"గదంటే ఏది? పేరు చెప్పు. గా దినం బస్టాండంత ఇనపడేటట్టు చెప్పితివి గదా. పురుగులు గావాల్నా, తోడు గావాల్నా?"

బస్సు కోసం నిలబడ్డ వాళ్ళంతా ఇటు తిరిగారు. కట్టమ్మ గొంతు సవరించుకుంది.

"తోడే," అంది.

"ఇనపడలే."

"తోడే తల్లీ, తోడు!"

సమ్రీన్ నవ్వలేదు. గిన్నె అందుకుని, అడుగు దాకా చెంచా దింపి, గట్టి పెరుగు తీసి వేసింది.